ఆ ఫోను ఎవరి పేరున ఉంది?



ప్రతిసారీ ఈ పేజీల్లో బీపీ, షుగరు, గర్భిణుల ఆహారం, పిల్లల టీకాలు వంటి విషయాలు రాస్తూ ఉంటాము. ఈసారి సెల్‌ఫోను గురించి రాస్తున్నాము. ఆసుపత్రి పత్రికకూ సెల్‌ఫోనుకూ ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. మా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు చెబితే ఆ సంబంధం మీకే తెలుస్తుంది. ఆ చెల్లెలి అనుమతితోనే ఇది రాస్తున్నాము. ఆమెను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాము.

మేము చేసిన ఫోను

ఆమె జాకెట్లు కుట్టి నాలుగు డబ్బులు సంపాదించుకునే మనిషి. ఒక ఉదయం ఎడమచేతి మణికట్టు విరిగి మా దగ్గరకు వచ్చింది. వెంట అత్తగారు ఉన్నారు. బాత్రూములో జారిపడ్డానని చెప్పింది. ఎక్స్‌రే గదిలోకి ఒక్కతే వచ్చినప్పుడు, భుజం మీద పాత కమిలిన మచ్చలు చూసి మా నర్సమ్మ మెల్లగా అడిగింది. అప్పుడు ఆమె ఏడ్చింది. భర్త చేయి మెలిపెట్టాడని చెప్పింది. వారం తరువాత కట్టు చూపించుకోవడానికి వచ్చినప్పుడు మా కౌన్సెలరుతో మాట్లాడిస్తామని ధైర్యం చెప్పి పంపాము.

ఆ ముందు రోజు సాయంత్రం, అందరికీ చేసినట్టే, ఓపీ చీటీలో ఉన్న నంబరుకు మా వాళ్లు ఫోను చేశారు. "రేపు కౌన్సెలింగు ఉందని గుర్తు చేస్తున్నామండి" అన్నారు. అవతల ఎత్తింది ఆమె భర్త. "ఏం కౌన్సెలింగు?" అని అడిగాడు.

మరునాడు ఆమె రాలేదు. మూడు వారాలకు వచ్చింది. పిండికట్టు పగిలిపోయి ఉంది. ఎముక వంకరగా అతుక్కుంది. పెదవి మీద కొత్త గాయం. ఈసారి తీసుకొచ్చింది అత్తగారు కాదు, అన్నయ్య.

ఆ ఫోను చేసింది మేమే. మంచి ఉద్దేశంతోనే చేశాము. కానీ ఆ నంబరు ఎవరి చేతిలో ఉంటుందని ఆమెను ఒక్క మాట అడగలేదు.

ఫోను మూగబోయిన రోజు

కథ అక్కడితో అయిపోలేదు. ఆమె అన్నయ్య ఇంట్లో ఉండిపోయింది. మూడో రోజు ఫోనులో సిగ్నలు పోయింది. టవరు బాగాలేదేమో అనుకున్నారు. ఇంట్లో మిగతావారి ఫోన్లు పనిచేస్తూనే ఉన్నాయి. సిమ్ దుకాణంలో అడిగితే తెలిసింది: ఆ సిమ్ ఆమె భర్త పేరున ఉంది. సిమ్ పోయిందని చెప్పి, తన ఆధార్ చూపి, ఆయన డూప్లికేటు సిమ్ తీసుకున్నాడు. కొత్త కార్డు పనిచేయడం మొదలవగానే పాత కార్డు ఆగిపోతుంది.

కంపెనీ లెక్కలో ఆయన చేసినదానిలో తప్పు లేదు. కనెక్షను ఆయనదే. కానీ ఆమె బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు అదే. ఆధార్‌కు ఇచ్చిన నంబరు అదే. జాకెట్లు కుట్టించుకునేవారు ఫోను చేసే నంబరు అదే. పైగా ఏటీఎం కార్డు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కార్డూ, ఓటీపీ రెండూ ఒకరి చేతిలో ఉంటే, ఖాతా ఎవరి పేరున ఉన్నా తాళంచెవి మాత్రం వారిదే.

అన్నయ్య ఆమెను ఆ రోజే బ్యాంకుకు తీసుకెళ్లాడు. ఏటీఎం కార్డు ఆపించారు. ఆధార్ కార్డు చూపి, సంతకం పెట్టి నంబరు మార్పించారు. సొమ్ము దక్కింది. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు సంచిలో వేసుకున్న కొలతల పుస్తకంలో ఖాతాదారుల నంబర్లు రాసి ఉన్నాయి. కొత్త నంబరు నుంచి వారిలో నమ్మకమైనవారికి మాత్రమే ఫోను చేసింది. చేయి పూర్తిగా తిరగడానికి ఫిజియోథెరపీ ఇంకా జరుగుతోంది. మిషను మాత్రం మళ్లీ తొక్కుతోంది.

ఇది ఒక్క ఇంటి మాట కాదు

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 18 నుంచి 49 ఏళ్ల వివాహిత స్త్రీలలో 29 శాతం మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురైనవారే. ఆంధ్రప్రదేశ్‌లో ఇది దాదాపు 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు 14 శాతమే. అదే సర్వేలో, తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉందని చెప్పిన స్త్రీలు 54 శాతం.

ఆ ఫోన్లలో సిమ్ ఎవరి పేరున ఉందో మనం సాధారణంగా అడగము. పెళ్లయిన కొత్తలో భర్త కొనిచ్చి ఉంటాడు. లేదా నాన్నగారి పేరునో, మరిది పేరునో ఉంటుంది. ఇల్లు చల్లగా ఉన్నంతకాలం దానితో ఇబ్బంది లేదు. కష్టం వచ్చిన రోజునే ఆ పేరు విలువ తెలుస్తుంది.

మా రోగుల విషయంలో దీని ఫలితం కళ్లారా చూస్తున్నాము. కట్టు మార్చే రోజు తెలియక గాయం చీము పడుతుంది. నెలనెలా రావలసిన గర్భిణి రాదు. టీబీ మందులు మధ్యలో ఆగిపోతాయి. ఫోను లాక్కోవడం కూడా ఒంటి మీద దెబ్బగానే తేలుతుంది.

మూడు తాళాలు

ఫోను అని ఒక్క మాటగా అంటాము గానీ, అందులో మూడు వేరు వేరు సంగతులున్నాయి.

మొదటిది చేతిలోని ఫోను. దానిని లాక్కోవచ్చు, పగలగొట్టవచ్చు. ఎక్కడికి వెళ్తున్నారో చూపించే యాప్‌ను తెలియకుండా అందులో వేయవచ్చు.

రెండవది సిమ్. అది ఎవరి పేరున ఉంటే వారు దానిని ఆపించగలరు, డూప్లికేటు తీసుకోగలరు, ఏ నంబర్లకు ఫోన్లు వెళ్లాయో వివరాలు అడగగలరు.

మూడవది ఆ నంబరుతో ముడిపడిన ఖాతాలు: బ్యాంకు, ఆధార్, ఫోనుతో డబ్బు పంపే యాప్‌లు, వాట్సాప్, గూగుల్ ఖాతా, గ్యాసు బుకింగు, పిల్లల బడి.

కొత్త ఫోను కొనుక్కుంటే మొదటి తాళం మాత్రమే మారుతుంది. మిగతా రెండూ పాతవారి చేతిలోనే ఉంటాయి. అందుకే వరుస తెలుసుకోవాలి.

ఏ పని ముందు, ఏ పని తరువాత

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. హింస ఉన్న ఇంట్లో, స్త్రీ బయటపడే ప్రయత్నం చేసే సమయమే ఎక్కువ ప్రమాదకరమైన సమయం. పాస్‌వర్డులన్నీ ఒక్కసారిగా మారిస్తే అవతలివారికి వెంటనే అనుమానం వస్తుంది. కాబట్టి ముందు నమ్మకమైనవారితో మాట్లాడి, సురక్షితమైన చోటు చూసుకొని, ఆ తరువాతే ఈ పనులు చేయండి.

1. మీ పేరున ఒక సిమ్ తీసుకోండి. ఆధార్ కార్డు తీసుకొని కంపెనీ దుకాణానికి మీరే వెళ్లండి. ఆ సిమ్‌ను పాత ఫోనులో వేయకండి. మామూలు బటన్ల ఫోను చాలు. ఇంట్లో దాచడం ప్రమాదమైతే తల్లి దగ్గరో, అక్క దగ్గరో, నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉంచండి.

2. పాత ఫోనును వెంటనే మానేయకండి. అది ఎప్పటిలాగే పనిచేస్తుంటే ఎవరికీ అనుమానం రాదు. బెదిరింపు మెసేజులు ఉంటే చెరపకండి. అవి రేపు సాక్ష్యం. నమ్మకమైనవారు తమ ఫోనుతో వాటిని ఫోటో తీసి దాచాలి. రహస్యంగా మాట్లాడవలసినవి మాత్రం పాత ఫోనులో మాట్లాడకండి.

3. బ్యాంకుకు వెళ్లండి. పాస్‌బుక్కు, ఆధార్ చూపి శాఖలోనే నంబరు మార్పించుకోవచ్చు. అయితే నంబరు మారిందని పాత నంబరుకు కూడా మెసేజి వెళ్లవచ్చు. అందుకని ఆ రాత్రి తిరిగి ఆ ఇంటికే వెళ్లవలసి ఉంటే ఆ పని ఆ రోజు చేయకండి. అంతకంటే మేలైన దారి, కొత్త నంబరుతో వేరే బ్యాంకులోనో, తపాలా కార్యాలయంలోనో మీ ఒక్కరి పేరున ఖాతా తెరవడం.

4. ఆధార్ కేంద్రానికి వెళ్లండి. చాలామందికి తెలియని మంచి మాట ఇది: ఆధార్‌లో నంబరు మార్చుకోవడానికి పాత నంబరుకు వచ్చే ఓటీపీ అక్కరలేదు, వేరే కాగితాలూ అక్కరలేదు. మీరు స్వయంగా వెళ్లి వేలిముద్ర వేసి, కొద్దిపాటి రుసుము కడితే చాలు. నంబరు ఎవరిదైనా, వేలిముద్ర మీది.

5. వాట్సాప్ చూసుకోండి. సెట్టింగ్స్‌లో "లింక్డ్ డివైసెస్" అనేచోట మీకు తెలియని కంప్యూటరో, ఫోనో కనిపిస్తే మీ మెసేజులు ఇంకెవరో చదువుతున్నారని అర్థం. కొత్త నంబరుతో వాట్సాప్ పెట్టుకున్నప్పుడు ఆరు అంకెల పిన్ను కూడా పెట్టుకోండి. పుట్టినరోజు, పెళ్లిరోజు వద్దు. అవి ఆయనకూ తెలుసు. గూగుల్ ఖాతా పాతదే వాడకుండా కొత్తది తెరవడం మంచిది. పాత ఖాతాలో మీరున్న చోటు, మీ ఫోటోలు ఇంకొకరికి కనిపించే వీలుంది.

6. కాల్ ఫార్వర్డింగు ఉందేమో అని అనుమానముంటే ##002# నొక్కి కాల్ చేయండి. మీ ఫోన్లు వేరే నంబరుకు మళ్లించి ఉంటే అది రద్దవుతుంది.

7. మీ ఆధార్ మీద ఇంకెవరైనా సిమ్‌లు తీసుకున్నారేమో చూడండి. కేంద్ర టెలికాం శాఖ 2023లో ప్రారంభించిన సంచార్ సాథీ వెబ్‌సైటులో, మీ పేరున ఉన్న నంబరు ఇచ్చి, వచ్చిన ఓటీపీ కొడితే, మీ పేరున ఉన్న కనెక్షన్లు కనిపిస్తాయి. మీది కాని నంబరు గురించి అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేస్తే ఆ నంబరు ఆగిపోవచ్చు, వాడుతున్నవారికి తెలిసిపోతుంది. కాబట్టి ఇది చివర చేయవలసిన పని.

8. ఫోను అకస్మాత్తుగా మూగబోతే రేపటిదాకా ఆగకండి. సిమ్ మార్చిన తరువాత సాధారణంగా 24 గంటలపాటు ఆ నంబరుకు మెసేజులు రాకుండా కంపెనీలు ఆపుతాయి. మోసాలు జరగకుండా పెట్టిన ఏర్పాటు అది. ఆ ఒక్క రోజు మీకు దొరికిన వ్యవధి. బ్యాంకుకు పరుగెత్తండి. మా కథలోని అన్నయ్య అదే రోజు కదిలాడు కాబట్టే ఆమె సొమ్ము మిగిలింది.

ఒకవేళ పాత నంబరే కావాలనుకుంటే, సిమ్ ఎవరి పేరున ఉందో వారు ఒప్పుకొని సంతకం చేస్తే దానిని మీ పేరుకు మార్చుకోవచ్చు. పుట్టింటివారి పేరున ఉన్న సిమ్ అయితే ఇది సులువైన పని. ఇవాళే చేయించుకోండి.

చట్టం ఏమి చెబుతుంది

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. కొట్టడం ఒక్కటే హింస అని ఈ చట్టం అనదు. మాటలతో హింసించడం, ఆమెకు హక్కుగా రావలసిన డబ్బునూ, వాడుకునే వసతులనూ అడ్డుకోవడం కూడా హింసే అంటుంది. దీనినే ఆర్థిక హింస అన్నారు. మేజిస్ట్రేటు గారు రక్షణ ఉత్తర్వు ఇస్తే, ఫోను ద్వారా గానీ మెసేజుల ద్వారా గానీ ఆమెను పలకరించకూడదని కూడా అవతలివారిని ఆదేశించవచ్చు. ఆమె సొంత వస్తువులు, కాగితాలు తిరిగి ఇప్పించవచ్చు. ఆమె వాడుకునే నంబరును ఆపించకూడదని, ఆమె పేరుకు మార్చాలని కూడా లాయరు ద్వారా కోర్టును అడగవచ్చు.

ఈ చట్టం ప్రకారం వైద్యం అడిగిన బాధితురాలికి ఆసుపత్రి వైద్యం చేయవలసిందే. కేసు పెడితేనే చూస్తామని ఎవరూ అనకూడదు. మీ గాయాల వివరాలు కేస్ షీటులో సరిగ్గా రాయించుకోండి, దాని నకలు అడిగి తీసుకోండి.

లాయరుకు డబ్బు లేదని వెనుకాడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకు

మన సంఘ కుటుంబాలలో చాలామంది ఆడపిల్లలు పెళ్లిచేసుకొని అమెరికా వెళ్లారు. అక్కడ ఇంట్లో అందరి ఫోన్లూ కలిపి ఒకే ఫ్యామిలీ ప్లానులో, ఒక్కరి పేరున ఉండడం మామూలు. భర్త మీద ఆధారపడే వీసాతో వెళ్లిన అమ్మాయికి ఆ ఖాతా భర్త పేరునే ఉంటుంది. ఇక్కడి అమ్మానాన్నలతో మాట్లాడే దారి కూడా అదే.

అక్కడ దీనికోసమే ఒక ప్రత్యేక చట్టం ఉంది. సేఫ్ కనెక్షన్స్ యాక్ట్ అనే ఈ చట్టం మీద 2022 డిసెంబరు 7న అధ్యక్షుడు జో బైడెన్ సంతకం చేశారు. బాధితురాలు తగిన ఆధారంతో అడిగితే, ఆమె నంబరును, ఆమె దగ్గర ఉన్న పిల్లల నంబర్లను ఆ ఉమ్మడి ఖాతా నుంచి 2 పనిదినాలలో విడదీసి ఇవ్వాలి. దానికి రుసుము, జరిమానా వేయకూడదు. ఖాతాదారు ఒప్పుకోవాలని షరతు పెట్టకూడదు. పోలీసు రిపోర్టే కావాలని లేదు. వైద్యులు, సోషల్ వర్కర్లు, బాధితులకు సహాయపడే సంస్థలవారు సంతకం చేసి ఇచ్చిన పత్రం కూడా ఆధారంగా పనికివస్తుంది. అక్కడి జాతీయ గృహహింస హెల్ప్‌లైను నంబరు 1-800-799-7233. రాత్రింబవళ్లు పలుకుతారు. మీ అమ్మాయి అక్కడ ఉంటే ఈ సంగతి ఆమెకు తెలియనివ్వండి. అయితే ఉమ్మడి ఖాతాలోని ఫోనుకు మెసేజి పెట్టకండి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు నోటితో చెప్పండి.

మన దేశంలో ఇలా నంబరును విడదీసి ఇవ్వాలని కంపెనీలను ఆదేశించే ప్రత్యేక చట్టం ఇంకా రాలేదు. అందుకే ఇక్కడ ముందుజాగ్రత్త మరింత అవసరం.

ఇంటివారికి, సంఘంవారికి

ఆడపిల్లకు పెళ్లి చేసేటప్పుడు బంగారం, బీరువా గురించి ఆలోచిస్తాము. ఆమె పేరున ఒక సిమ్, ఆమె ఒక్కరి పేరున ఒక బ్యాంకు ఖాతా కూడా ఇచ్చి పంపండి. అన్నదమ్ములారా, మీ చెల్లెలి సిమ్‌కు మీరు ఎక్కడున్నా రీఛార్జి చేయవచ్చు. చాలాకాలం రీఛార్జి లేకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దయి మరొకరికి వెళ్లిపోతుంది. ఆ చిన్న ఖర్చు మానకండి.

మన సంఘాలలో ఇంకొక జాగ్రత్త అవసరం. ఒక స్త్రీ ఇల్లు విడిచి వచ్చిందని తెలిసినప్పుడు, ప్రార్థన చేయమని ఆమె పేరు, ఆమె ఉన్న చోటు, కొత్త నంబరు వాట్సాప్ గ్రూపులో పెడుతుంటారు. మనసు మంచిదే. కానీ ఆ గ్రూపులో ఆమె భర్త బంధువులు కూడా ఉంటారు. పేరు లేకుండా కూడా ప్రార్థన చేయవచ్చు. అలాగే సర్దిచెబుదామని ఆమెను అడగకుండా భర్తకు ఫోను చేయకండి. అదే పొరపాటు మేము చేశాము. దాని ఫలితం పైన చదివారు.

మా ఆసుపత్రిలో ఏమి మార్చుకున్నాము

ఇప్పుడు ఓపీ చీటీ రాసేచోట ప్రతి స్త్రీనీ, ఆరోగ్యం ఏదైనా సరే, రెండు ప్రశ్నలు అడుగుతున్నాము. "ఈ నంబరు ఎవరి దగ్గర ఉంటుందమ్మా?" "దీనికి మేము ఫోను చేయవచ్చా?" వద్దంటే ఎందుకని అడగము. చీటీ మీద చిన్న గుర్తు పెడతాము. ఆ గుర్తున్న చీటీకి ఎవరూ ఫోను చేయరు, మెసేజి పంపరు. ఫోను చేసినా "ఆసుపత్రి నుంచి, ఓపీకి రమ్మని" అనడమే తప్ప ఏ విభాగమో చెప్పరు. ఎక్స్‌రే గది, డ్రెస్సింగు గదుల్లోకి రోగి ఒక్కరినే పిలుస్తాము. అందరినీ అలాగే పిలుస్తాము కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కౌన్సెలరు గదిలో ఉన్న ల్యాండ్‌లైను నుంచి మీరు ఎవరికైనా ఉచితంగా మాట్లాడవచ్చు. మీ ఫోనులో ఆ నంబరు మిగలదు.

గుర్తుంచుకోవలసిన నంబర్లు

వీటిని ఫోనులో దాచుకోకండి. అన్నీ చిన్నవే, నోటికి పెట్టుకోండి.

181 – మహిళా హెల్ప్‌లైను
112 – ప్రాణాపాయం ఉన్నప్పుడు
15100 – ఉచిత న్యాయ సహాయం
1098 – పిల్లల కోసం
1930 – ఖాతాలో డబ్బు మోసంతో పోతే

181కి ఫోను చేస్తే మీ జిల్లాలోని సఖి కేంద్రానికి దారి చూపుతారు. అక్కడ వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి ఒకేచోట దొరుకుతాయి.

చివరిగా ఒక మాట. ఈ పత్రికను ఇంటికి తీసుకెళ్లడం మీకు క్షేమం కాదనిపిస్తే తీసుకెళ్లకండి. ఇక్కడే చదివి, బెంచీ మీదే వదిలేసి వెళ్లండి. మీ తరువాత కూర్చునే అమ్మ చదువుకుంటుంది. మీరు వచ్చే వారం కట్టు చూపించుకోవడానికి వచ్చినప్పుడు, పత్రిక మళ్లీ ఇక్కడే ఉంటుంది. మేమూ ఇక్కడే ఉంటాము.